బెత్తెడు కింద

కార్తీకం రెండో వారం.
నగరి కొండల ముక్కు మబ్బులో మునిగిపోయింది.
ఈదులగుంట చెరువులో ఇంకా మోకాలి లోతే.
తుపాను వచ్చేలోగా తూముకు కొత్త తలుపు దించాలి.

కట్ట మీద వెల్లకిలా పడుకోబెట్టిన ఇనపపలక:
రెండు మీటర్ల పొడుగు, మీటరూ ఇరవై వెడల్పు.
దించితే అరవై డిగ్రీల వాలున ఒరుగుతుంది.
చెరువు నిండితే పై అంచు నెత్తిన
నిలువునా మూడు మీటర్ల నీళ్ళు.

"ఊత బద్దె సరిగ్గా నడిమిన అతికించు" అన్నాను
వెల్డింగు ఖాజామియాతో.
సుద్దతో గీత కూడా గీశాను.

నీరుగంటి చెంగల్రాయుడు బీడీ ఆర్పి
చెవి వెనక పెట్టుకుని
నా గీత కింద నాలుగు వేళ్ళు అడ్డంగా ఆనించినాడు.
"ఈడమ్మా. బెత్తెడు కిందికి.
నీళ్ళు నడిమిన తొయ్యవు."

ఖాజామియా నా మొహం చూశాడు.
నేను గడియారం చూశాను.
"రేపు చెబుతా" అన్నాను.

రాత్రి పుత్తూరు గదిలో కరెంటు పోయింది.
కొవ్వొత్తి, సిమెంటు బిల్లు వెనకవైపు.

ఇదే లెక్కలో తిరుపతిలో, రెండో ఏడు,
పద్నాలుగు మార్కులు పోగొట్టుకున్నాను.
వాలు వెంట కొలిచిన పొడుగును
లోతు అనుకున్నాను.
జారుకుంటూ పోయిన దూరమంతా
లోతు కాదని
ఎర్ర సిరా చెప్పింది, ఒక్క అడ్డగీతతో.

ఈసారి నిలువుగా కొలిచాను.
పలక నడిమి లోతు మూడు మీటర్ల ఎనభై ఏడు.
వైశాల్యంతో, నీటి బరువుతో గుణిస్తే
తొంభై ఒక్క కిలోన్యూటన్లు.
తొమ్మిది టన్నుల పైమాట.
తోతాపురి కాయలెత్తిన లారీ ఒకటి
ఈ రేకుకు వీపానించి
రాత్రంతా నిలబడ్డట్టు.

వాలు ఎంతని నీరు అడగదు.
ఎటు ఒరిగినా పలకకు లంబంగానే తోస్తుంది.
అడిగేది ఒక్కటే: ఎంత లోతున ఉన్నావు?
పై అంచుతో కాస్త మెత్తగా,
కింది అంచుతో కఠినంగా.
అందుకే మొత్తం బలం ఆనే చోటు
నడిమిన ఉండదు, కిందికి దిగుతుంది.

ఎంత కిందికి?
వెడల్పును పొడుగు ఘనంతో హెచ్చించి, పన్నెండుతో భాగించి,
దాన్ని మళ్ళీ వైశాల్యంతో, వాలు వెంట దూరంతో...
(ఇక్కడ మాత్రం వాలు దూరమే కావాలి.
ఏ చోట ఏ కొలతో, అదే కదా అసలు చదువు.)

ఏడున్నర సెంటీమీటర్లు.

కొవ్వొత్తి వంగి కారుతోంది.
రెండోసారి చేశాను.
ఏడున్నరే.

పొద్దున కట్ట మీద అడిగాను, ఎలా తెలుసని.
"నాకేం తెలుసు? మా నాయినకు తెలుసు.
పాత కొయ్య తలుపు పగిలిననాడు
ఆయన మునిగి చేత్తో తడిమినాడు.
చీలిక నడిమిన లేదు."
తర్వాత, చెప్పాలా వద్దా అన్నట్టు,
"నీళ్ళు ఇంకా పెరిగితే ఆ బెత్తె కూడా సన్నమైపోతాదమ్మా.
శానా లోతుకు పోతే పైనా కిందా ఒకటే మోత."

భాజకంలో లోతు ఉంది.
అవును, సన్నమవుతుంది.
నేను దాన్ని రాత్రి చూడలేదు.

ఖాజామియా అద్దం దించుకున్నాడు.
నిప్పురవ్వలు ఎండు తుంగ మీద రాలాయి.
సుద్ద గీత మిగిలిపోయింది,
బద్దెకు బెత్తెడు పైన,
ఎవరూ తుడవలేదు.

అంచనా కాగితంలో "ఆధారం" అనే గడి ఉంటుంది.
సూత్రం రాశాను, సంతకం పెట్టాను.
తొలి చినుకు సంతకం మీదే పడింది.

జీపులో ఎవరూ చూడకుండా
స్కేలు మీద నా నాలుగు వేళ్ళు ఆనించాను.
ఆరు దాటలేదు.